ఎడిత్ కావెల్ – మారిన వార్డులు, మారని పరిచర్య

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు నిండించుకొన్న ఈ శుభ సందర్భమున, సంఘములను, పాఠశాలలను, ఆసుపత్రులను కట్టిన వారిని గూర్చి ఈ సంచికలో పలువురు వ్రాయుచున్నారు. మేము నర్సుల పరిచర్యను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. మన సంఘములలో నర్సు లేని వీధి లేదనిన అతిశయోక్తి కాదు. తల్లి నర్సు, కుమార్తె నర్సు, కోడలు కూడ నర్సు అయిన కుటుంబములు మనకు తెలియును. నైట్ డ్యూటీ ముగించుకొని తిన్నగా ఆరాధనకు వచ్చి, వెనుక బల్లమీద కూర్చుండి, ప్రసంగ సమయమున కునికిపాట్లు పడు సహోదరిని చూచి నవ్వువారుందురు. ఆ రాత్రి ఆమె ఎన్ని మంచముల ప్రక్క నిలిచినదో నవ్వువారికి తెలియదు.

గృహదర్శనములకు వెళ్ళినపుడు ఈ నర్సుల ఇండ్లలో ఒక చింత మాకు తరచుగా వినబడుచున్నది. అమ్మాయి కష్టపడి నర్సింగు చదివినది. ఆపరేషన్ థియేటరులో ఉద్యోగము దొరికినది. సంవత్సరము తిరుగకముందే పిల్లల వార్డుకు మారెదననుచున్నది. మరియొక ఇంటిలో, ఐ.సి.యు.లో పని నేర్చుకొన్న అమ్మాయి గ్రామములకు వెళ్ళు ఆరోగ్య పరిచర్యలో చేరెదననుచున్నది. తల్లిదండ్రులకు ఇది రుచించదు. నిలకడ లేదందురు, ఆరంభశూరత్వమందురు, చివరకు రెంటికి చెడిన రేవడియగునేమో అని దిగులు పడుదురు. అమ్మాయి భయములు అమ్మాయికున్నవి. క్రొత్త వార్డులో మరల అందరికంటె చిన్నదిగా మొదలుపెట్టవలెను. ఇన్‌చార్జి సిస్టరు గారు ఏమని వ్రాసి పంపుదురో తెలియదు. పెండ్లి సంబంధము వారు ఎందుకు మారితివని అడుగుదురేమో.

ఇది చిన్న విషయము కాదు. తనకు సరిపడని వార్డులో నోరు మూసుకొని పదేండ్లు గడపి, చివరకు రోగిని చూచినను మనస్సు కదలని స్థితికి వచ్చినవారున్నారు. అలాగే, ప్రతి కష్టమునకు వెనుదీసి, ఏ పనియు చేతపట్టక పోయినవారును ఉన్నారు. ఈ రెంటికి నడుమ భేదమును తెలిసికొనుటెట్లు? ఈ ప్రశ్నను మనస్సునందుంచుకొని, లోకమంతయు ఎరిగిన ఒక నర్సు జీవితమును ఈ పుటలలో మీ ముందుంచుచున్నాము. ఆమె పేరు ఎడిత్ కావెల్. ఆమె మరణమును గూర్చి చాలమంది విని యుందురు. ఆ మరణమునకు ముందు ఆమె గడపిన పండ్రెండు సంవత్సరముల నర్సు జీవితమును గూర్చి వినినవారు తక్కువ. మన ప్రశ్నకు వెలుగునిచ్చునది ఆ పండ్రెండు సంవత్సరములే.

కాపరి ఇంటి బిడ్డ

ఎడిత్ లూయిసా కావెల్ 1865 డిసెంబరు 4వ తేదీన ఇంగ్లండు దేశములో నార్విచ్ పట్టణమునకు సమీపమున గల స్వార్డెస్టన్ అను చిన్న గ్రామములో జన్మించెను. నలుగురు బిడ్డలలో ఆమె పెద్దది. తండ్రి ఫ్రెడరిక్ కావెల్ గారు ఆ గ్రామ సంఘమునకు కాపరి. ఆయన నలుబది సంవత్సరములకు పైగా ఆ ఒక్క సంఘములోనే పరిచర్య చేసిరి. రాబడి అంతంతమాత్రమే. అయినను ఆదివారము ఇంట వండిన దానిలో కొంత భాగము గ్రామములోని బీదల ఇండ్లకు పంపిన పిదపనే వారు భోజనమునకు కూర్చుండెడివారని చెప్పుదురు. కాపరి ఇంటిలో పెరిగిన పిల్లలకు ఇట్టి పద్ధతి క్రొత్త కాదు. వాకిట ఎవరు నిలిచినను పళ్ళెములోనిది పంచవలసినదే.

ఆ గ్రామమున ఆదివారపు బడి పిల్లలకు గది లేకుండెను. యౌవనమందున్న ఎడిత్ తిన్నగా నార్విచ్ బిషప్పు గారికే ఉత్తరము వ్రాసెను. గ్రామస్థులు కొంత సొమ్ము కూర్చినయెడల తానును సహాయము చేసెదనని ఆయన జవాబు పంపిరి. ఎడిత్, ఆమె చెల్లెలు కలిసి పువ్వుల బొమ్మలు వేసిన కార్డులు అమ్మి, తెలిసినవారికి ఉత్తరములు వ్రాసి, సుమారు 300 పౌనులు ప్రోగుచేయుటకు తోడ్పడిరి. ఆ గది కట్టబడెను. చేయవలసిన పని కనబడినపుడు ఎవరైన వత్తురని ఎదురుచూచుట ఆమె స్వభావములో లేదు.

పీటర్‌బరో పట్టణములోని పాఠశాలలో ఆమె చదువుచు, చిన్న తరగతులకు చెప్పుచు, ఫ్రెంచి భాష బాగుగా నేర్చుకొనెను. తరువాత ఇంటిలో ఉండి పిల్లలకు చదువు చెప్పు పంతులమ్మగా కొన్ని కుటుంబములలో పనిచేసెను. 1890లో బెల్జియము రాజధానియైన బ్రస్సెల్సు నగరమునకు వెళ్ళి, ఫ్రాన్సువా అను ఒక న్యాయవాది కుటుంబములో అయిదు సంవత్సరములు పిల్లలకు విద్య నేర్పెను. 1895లో తండ్రికి జబ్బు చేసినదని తెలిసి ఇల్లు చేరెను. రాత్రింబగళ్ళు ఆయన మంచము ప్రక్కనుండి ఉపచారములు చేసెను. ఆయన కోలుకొనిరి. ఆ దినములలోనే ఎడిత్ తాను నర్సు కావలెనని నిశ్చయించుకొనెను.

అప్పటికి ఆమెకు ముప్పది యేండ్లు. పది సంవత్సరముల బోధనానుభవమును ప్రక్కనబెట్టి, తనకంటె చిన్నవారితో కలిసి బెడ్‌పాన్లు కడుగుటకు సిద్ధపడుట ఏ కాలములోనైనను సుళువు కాదు. ఇది ఆమె జీవితములో మొదటి మార్పు.

జ్వరముల ఆసుపత్రి నుండి లండన్ ఆసుపత్రికి

1895 డిసెంబరులో ఆమె లండనులోని టూటింగ్ ప్రాంతమున గల ఫౌంటెన్ జ్వరముల ఆసుపత్రిలో సహాయక నర్సుగా చేరెను. స్కార్లెట్ జ్వరము, డిఫ్తీరియా వంటి అంటువ్యాధులు సోకినవారిని, ముఖ్యముగా పిల్లలను, ఊరికి దూరముగా ఉంచి చూచు ఆసుపత్రులవి. నేటి మందులు ఆనాడు లేవు. నర్సు చేతులే మందు. చేతులు కడుగుకొనుట, బట్టలు ఉడికించుట, గాలి వెలుతురు రానిచ్చుట, జ్వరము హెచ్చుతగ్గులను గంటగంటకు కనిపెట్టుట, మంచినీళ్ళు చెంచాతో త్రాగించుట – ఇదియే అచటి వైద్యము. కొన్ని నెలలు ఆమె ఆ పనిలో నుండెను. పని తనకు తగినదా కాదా అని తెలిసికొనుటకు ఆ కాలము చాలెను. అయితే జ్వరముల ఆసుపత్రిలో నేర్చినంత మాత్రమున పూర్తి నర్సు కాజాలదని ఆమె గ్రహించెను.

1896 సెప్టెంబరులో లండన్ తూర్పు భాగమున వైట్‌చాపెల్‌లో గల సుప్రసిద్ధమైన లండన్ ఆసుపత్రిలో శిక్షణకు చేరెను. ఓడరేవు కూలీలు, కుట్టుపనివారు, పొట్టచేతబట్టుకొని వచ్చిన పరదేశులు నివసించు పేటలవి. ఆ ఆసుపత్రి మెట్రన్ ఎవా లూకిస్ గారు. ఆమె 1880 నుండి 1919 వరకు ఆ పదవిలో నుండి ఎందరో నర్సులను తీర్చిదిద్దెను. శిక్షణలో నున్నవారు ఉదయము 7 గంటల నుండి రాత్రి 9 గంటల వరకు వార్డులో పనిచేయవలసి యుండెను. శస్త్రచికిత్స వార్డు, సాధారణ వ్యాధుల వార్డు, స్త్రీలది, పురుషులది – ఇట్లు ఒకదాని తరువాత ఒకటి త్రిప్పి నేర్పెడివారు.

మన పాఠకులకు ఆశ్చర్యము కలిగించు సంగతి ఒకటి యున్నది. శిక్షణ ముగిసినపుడు మెట్రన్ గారు రిజిస్టరులో ఎడిత్‌ను గూర్చి వ్రాసినది అంత మెప్పుగా లేదు. సామర్థ్యమున్నది గాని శ్రద్ధ పెట్టినపుడే అది కనబడుననియు, వేళకు వచ్చుటలో లోపము గలదనియు, చదువులో చూపిన నేర్పు చేతిపనిలో అంతగా లేదనియు దాని తాత్పర్యము. తరువాతి కాలమున లోకమంతయు కొనియాడిన నర్సును గూర్చి మొదట వ్రాయబడిన మాటలివి. మొదటి ఇన్‌చార్జి వ్రాసిన నాలుగు పంక్తులతో ఒక జీవితము తేలిపోదని మన యువతులు దీనిని బట్టి ధైర్యము తెచ్చుకొనవచ్చును. ఆ వ్రాతలో నిజము లేదని మేము చెప్పుటలేదు. నిజమున్నదనియే తోచుచున్నది. ఆ నిజమును ఆమె ఏమి చేసికొనినదో తరువాత చూతము.

శిక్షణ మధ్యనే ఒక పరీక్ష వచ్చెను. 1897 శరత్కాలమున కెంట్ ప్రాంతములోని మేడ్‌స్టన్ పట్టణమున టైఫాయిడ్ జ్వరము ప్రబలెను. త్రాగునీరు కలుషితమగుటయే దానికి కారణము. వేయిన్నర మందికి పైగా జబ్బుపడిరి; 132 మంది మరణించిరి. లండన్ ఆసుపత్రి నుండి సహాయమునకు పంపబడిన కొద్దిమంది నర్సులలో ఎడిత్ ఒకతె. జ్వరముల ఆసుపత్రిలో ఆమె గడపిన నెలలు వ్యర్థము కాలేదని అచ్చట తేటపడెను. టైఫాయిడ్ రోగిని వారములకొలది కనిపెట్టవలెను. ఏమరుపాటున తప్పుడు ఆహారము ఒక్క ముద్ద పెట్టినను ప్రేగు చిల్లుపడి ప్రాణము పోవచ్చునని ఆనాడు భయపడెడివారు. ఆ సేవకు గుర్తుగా పట్టణమువారు నర్సులకు పతకములు బహూకరించిరి. ఎడిత్‌కును ఒకటి లభించెను.

ఇండ్లలో, బీదల వైద్యశాలలలో

లండన్ ఆసుపత్రి నియమము ప్రకారము రెండేండ్ల శిక్షణ తరువాత మరికొంత కాలము వారికే పనిచేయవలెను. ఎడిత్‌ను మెట్రన్ గారు ప్రైవేటు నర్సుల విభాగమునకు పంపిరి. అనగా కలిగినవారి ఇండ్లకు వెళ్ళి, అక్కడనే ఉండి, న్యుమోనియా, టైఫాయిడ్, అపెండిసైటిస్ వంటి రోగములకు సేవ చేయుట. ఈ మార్పు ఆమె కోరుకొన్నది కాదు. పంపినచోటికి వెళ్ళెను. వార్డులో నలువది మంచములుండగా, ఇచ్చట ఒక్కటే మంచము. డాక్టరు దినమున కొన్ని నిమిషములు మాత్రమే వచ్చును. తక్కిన సమయమంతయు నర్సే చూచుకొనవలెను, బంధువులను ఓదార్చవలెను, పనివారి అలకలు తీర్చవలెను. ఒంటరిగా నిర్ణయము చేయుట ఆమె ఇక్కడ నేర్చుకొనెను.

1901లో ఆమె సెయింట్ పాంక్రాస్ ఇన్ఫర్మరీలో రాత్రి సూపరింటెండెంటుగా చేరెను. ఇది ధనవంతుల ఇండ్లకు పూర్తిగా వ్యతిరేకమైన స్థలము. బీదల చట్టము క్రింద నడచు వైద్యశాల అది. దిక్కులేని వృద్ధులు, త్రాగుడుచే చెడినవారు, తీరని రోగములతో మూల కూర్చున్నవారు అచ్చటికి వచ్చెడివారు. పేరు ప్రతిష్ఠలు కోరు నర్సులు అట్టి చోటికి వెళ్ళుటకు ఇష్టపడెడివారు కారు. పెద్ద ఆసుపత్రిలో శిక్షణ పొంది ఇన్ఫర్మరీకి పోవుట మెట్టు దిగుటగా ఎంచబడుచుండెను. రాత్రివేళ ఆసుపత్రి అంతటి భారము ఆమె మీద నుండెను. ఏ వార్డులో ఎవరు కొన ఊపిరితో నున్నారో, ఏ చిన్న నర్సు భయపడుచున్నదో, దీపము పట్టుకొని తిరుగుచు చూచుకొనవలెను.

1903లో షోర్డిచ్ ఇన్ఫర్మరీలో అసిస్టెంటు మెట్రన్ అయ్యెను. ఇక్కడ పాత వృత్తి క్రొత్త వృత్తితో కలిసినది. పంతులమ్మగా పది సంవత్సరములు పనిచేసిన స్త్రీ ఇప్పుడు శిక్షణ నర్సులకు పాఠములు చెప్పసాగెను. అంతేకాక, రోగి ఆసుపత్రి గుమ్మము దాటగానే తన పని అయిపోయినదని ఆమె తలంచలేదు. ఇండ్లకు వెళ్ళిన రోగులు ఎట్లున్నారో చూచుటకు తానే ఆ ఇరుకు సందులలోనికి వెళ్ళెడిది. ఇంటిలో కట్టెలు లేకపోయినను, అన్నము లేకపోయినను మందు ఏమి చేయగలదు? నేడు దీనిని ఫాలో అప్ అని పిలిచి ప్రతి ఆసుపత్రియు చేయవలెననుచున్నారు. ఆనాడు అది అరుదు. ప్రైవేటు నర్సుగా ఇండ్లలో గడపిన దినములు ఆమెకీ కన్ను ఇచ్చియుండునని మేము తలంచుచున్నాము.

1906లో షోర్డిచ్‌ను విడిచి, మాంచెస్టరు నగరమునకు వెళ్ళి, బీద రోగులకు ఇండ్లలోనే సేవ చేయు జిల్లా నర్సుల సంస్థలో కొంతకాలము బాధ్యత వహించెను. బట్టల మిల్లుల పొగతో నిండిన ఆ నగరములో గనులలో, కర్మాగారములలో గాయపడినవారు, పురుడు పోసికొన్న తల్లులు, క్షయరోగులు ఆ నర్సుల కొరకు ఎదురుచూచెడివారు.

ఇట్లు 1895 నుండి 1907 వరకు పండ్రెండేండ్లలో ఆమె ఎన్ని విధములైన పనులు చేసినదో లెక్కించుడి: జ్వరముల సేవ, సాధారణ వార్డులు, అంటువ్యాధి ప్రబలిన పట్టణము, ప్రైవేటు ఇండ్లు, బీదల వైద్యశాలలో రాత్రి పాలన, శిక్షణ, జిల్లా సేవ. 1906వ సంవత్సరమున ఎవరైన లోకజ్ఞానము గల పెద్దమనిషి ఆమె సర్టిఫికెట్లు పరిశీలించి యుండినయెడల, నలువది యేండ్లు దాటినను ఒకచోట కుదురుకొనలేదని పెదవి విరిచి యుండును. ఎడిత్‌కు కూడ ముందేమున్నదో తెలియదు. తెలిసినవన్నియు ఒక్కచోట కలియు పిలుపు మరుసటి సంవత్సరము వచ్చెను.

అన్నియు కలిసిన చోటు

బెల్జియములో ఆనాడు రోగుల సేవ చాలవరకు కన్యాస్త్రీల చేతులలో నుండెను. వారి భక్తి గొప్పది; త్యాగము గొప్పది. అయితే నానాటికి మారుచున్న శస్త్రచికిత్సకు తగిన శిక్షణ వారికి లేదని ఆంటువాన్ దెపాజ్ అను శస్త్రవైద్యుడు భావించెను. ఆయనయు, ఆయన భార్య మారీ దెపాజ్ గారును కలిసి బ్రస్సెల్సులో ఒక నర్సింగు పాఠశాల స్థాపింప దలచిరి. దానికి ఎట్టి వ్యక్తి కావలెను? ఫ్రెంచి భాష తెలియవలెను. ఇంగ్లండు పద్ధతిలో పూర్తి శిక్షణ పొంది యుండవలెను. బోధింప నేర్చినదై యుండవలెను. ఇల్లు నడపను, ఆసుపత్రి నడపను తెలిసినదై యుండవలెను. అట్టివారు ఎందరుందురు? పంతులమ్మ పని, జ్వరముల వార్డు, రాత్రి పాలన, బీదల వైద్యశాల – వేరువేరుగా కనబడినవన్నియు అప్పుడు ఒక్క మనిషిలో దొరికెను.

1907 అక్టోబరులో, రూ ద లా కుల్త్యూర్ అను వీధిలో ప్రక్కప్రక్కనే యున్న నాలుగు ఇండ్లలో ఆ పాఠశాల తెరవబడెను. మొదట చేరినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందే. మర్యాదస్థుల ఆడపిల్ల జీతమునకు పనిచేయుట తలవంపులని ఆ దేశమున కుటుంబములు తలంచెడివి. మన దేశములోను ఒకప్పుడు నర్సు వృత్తిని గూర్చి అదే మాట అనిరి. క్రమముగా ఆ పాఠశాల పేరు వ్యాపించెను. బెల్జియము రాణి గారి చేయి విరిగినపుడు, సేవకు ఈ పాఠశాల నర్సును పిలిపించిరనియు, దానితో జనుల నోళ్ళు మూతపడెననియు చెప్పుదురు. 1910లో ఎడిత్ నర్సుల కొరకు ఫ్రెంచి భాషలో ఒక పత్రికను ఆరంభించెను. మరి రెండు సంవత్సరములలో ఆ పాఠశాల మూడు ఆసుపత్రులకు, 24 పాఠశాలలకు, 13 శిశు విద్యాలయములకు నర్సులను పంపుచుండెను.

వేళకు రాదని వ్రాయబడిన ఆ నర్సు ఇప్పుడు ఎట్లుండెను? ఉదయము ఫలహారపు బల్లయొద్ద గడియారము ముందుంచుకొని కూర్చుండెడిది. రెండు నిమిషములకు మించి ఆలస్యముగా వచ్చిన విద్యార్థిని తన విరామ సమయములో రెండు గంటలు పోగొట్టుకొనవలసినదే. దీనిని చదివి మేము నవ్వుకొంటిమి. తన బలహీనతను ఎరిగినవారే దానిని ఇతరులలో దిద్దగలరు. రిజిస్టరులోని మాటను ఆమె అవమానముగా మనస్సులో పెట్టుకొనలేదు, పాఠముగా పెట్టుకొనెను. ఆ మెట్రన్ గారితో ఆమె ఉత్తర ప్రత్యుత్తరములు మానలేదు. తన పాఠశాల కష్టసుఖములను ఆమెకే వ్రాసికొనుచుండెను.

యుద్ధము, మరణము

1914 వేసవిలో ఎడిత్ తల్లిని చూచుటకు నార్విచ్ వచ్చియుండెను. తోటలో కలుపు తీయుచుండగా యుద్ధ వార్త తెలిసెనందురు. తన ఆసుపత్రికి తన అవసరము ఇప్పుడు మరింత ఎక్కువని తలంచి వెంటనే బ్రస్సెల్సు చేరెను. ఆగస్టు 20వ తేదీన జర్మను సేనలు ఆ నగరమును ఆక్రమించెను. ఆమె పాఠశాల ఎర్రసిలువ ఆసుపత్రి ఆయెను. గాయపడినవాడు ఏ సేనకు చెందినవాడైనను ఒకే విధముగా సేవ చేయవలెనని ఆమె తన నర్సులను ఆజ్ఞాపించెను. జర్మను సైనికులకు కూడ అచ్చట కట్లు కట్టిరి.

ఆ నవంబరులో, సేన నుండి తప్పిపోయిన ఇద్దరు బ్రిటిషు సైనికులు ఆమె వాకిట నిలిచిరి. చేర్చుకొనినయెడల ప్రాణాపాయము, పంపివేసినయెడల వారి ప్రాణాపాయము. ఆమె చేర్చుకొనెను. అది మొదలు సుమారు 200 మంది సైనికులు, యువకులు ఆమె సహాయముతో దాగి, హాలెండు సరిహద్దు దాటిరి. దీనిలో ఆమెతో పాటు ప్రభువంశపువారు, ఉపాధ్యాయినులు, వాస్తుశిల్పి ఫిలిప్ బోక్ వంటివారు ఎందరో నుండిరి. ఈ బృందములో కొందరు సైనిక రహస్యములు కూడ చేరవేసిరని 2015లో వెలుగుచూచిన పత్రములను బట్టి తెలియుచున్నది. అయితే ఎడిత్‌పై మోపబడిన నేరము సైనికులను దాటించుట మాత్రమే.

1915 ఆగస్టులో ఆమె బంధింపబడెను. పది వారములు సెయింట్ జిల్ చెరసాలలో నుండెను. విచారణలో తాను చేసినదానిని దాచలేదు. అక్టోబరు 11న మరణశిక్ష విధింపబడెను. అమెరికా, స్పెయిన్ దేశముల ప్రతినిధులు ఆ రాత్రి ఎంత బతిమాలినను ఫలింపలేదు. ఆంగ్లికను గురువు స్టెర్లింగ్ గహన్ గారు చెరసాలకు వెళ్ళి ఆమెకు ప్రభు రాత్రి భోజన సంస్కారమిచ్చిరి. ఎవరిమీదను పగ లేకుండ, భయము లేకుండ ఆమె ఉండెనని ఆయన సాక్ష్యము. అక్టోబరు 12వ తేదీ తెల్లవారుజామున ఆమెను, ఫిలిప్ బోక్‌ను కాల్చి చంపిరి. ఆమె వయస్సు నలుబది తొమ్మిది. 1919 మే నెలలో ఆమె భౌతికకాయమును స్వదేశమునకు తెచ్చి, వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆరాధన జరిపి, నార్విచ్ కతీడ్రల్ ప్రక్కన సమాధి చేసిరి. ఇంగ్లండు సంఘము అక్టోబరు 12న ఆమెను జ్ఞాపకము చేసికొనును. ఆమె నడపిన పాఠశాలకు ఆమె పేరును, ఆమె కంటె కొన్ని నెలల ముందు లూసిటేనియా ఓడ మునకలో మరణించిన మారీ దెపాజ్ గారి పేరును పెట్టిరి.

మన ఇండ్లకు పాఠము

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఎడిత్ కావెల్ పనులు మార్చుకొనెను గనుక ఎవరైనను మార్చుకొనవచ్చునని చెప్పుట సులభము. అంత మాత్రమే చెప్పినయెడల మేము మిమ్మును మోసగించినవారమగుదుము. ఆమె మార్పులలో మూడు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, ఆమె ఒక పనిని విడిచినపుడు ఆ పని నేర్పినదానిని విడువలేదు. జ్వరముల వార్డులో నేర్చినది మేడ్‌స్టన్‌లో పనికివచ్చెను. ఇండ్లలో నేర్చినది షోర్డిచ్‌లో పనికివచ్చెను. పలుక నేర్చిన ఫ్రెంచి భాష పండ్రెండు సంవత్సరములు మూటలో నుండి బ్రస్సెల్సులో బయటికి వచ్చెను. రైతు పొలము మార్చినను నాగలి పట్టు చేతిని మరువడు. వార్డు మార్చు అమ్మాయిని మనమడుగవలసినది ఎందుకు మారుచున్నావని మాత్రమే కాదు. ఏమి వెంటబెట్టుకొని పోవుచున్నావని కూడ అడుగవలెను. చెప్పుటకు ఏదైన ఉన్నయెడల ఆ సంవత్సరము వ్యర్థము కాలేదు. ఏమియు లేనియెడల, మరి కొన్నాళ్ళు ఆగుట మేలు.

రెండవది, ఆమె సుఖమును వెదకుచు మారలేదు. కలిగినవారి ఇండ్లనుండి బీదల వైద్యశాలకు వెళ్ళెను. కష్టమునుండి పారిపోవుట ఒకటి. మరియొక కష్టమునకు పిలువబడుట ఒకటి. బయటివారికి రెండును ఒకే విధముగా కనబడును. తేడా వెళ్ళువారి మనస్సాక్షికి తెలియును. తొందరపడి తీర్పు తీర్చుట మన పని కాదు. ఒక మాట మాత్రము చేర్చవలెను. రాత్రులు నిద్రలేక, మాటలు పడి, శరీరము చెడిపోవుచున్నపుడు వార్డు మార్చుకొనుట పారిపోవుట కాదు. అలసిన నర్సు చేతిలో రోగికిని క్షేమము లేదు.

మూడవది, మారినచోట ఆమె మరల క్రిందనుండి మొదలుపెట్టుటకు సిగ్గుపడలేదు. ముప్పది యేండ్ల వయస్సున సహాయక నర్సుగా, పిమ్మట మరల శిక్షణార్థిగా చేరెను. మన యువతులు మార్పునకు భయపడునది ఎక్కువగా ఇందుకే. ఐ.సి.యు.లో యంత్రములన్నియు తెలిసిన అమ్మాయి, నెలలు నిండని శిశువుల వార్డుకు వెళ్ళినపుడు, బొటనవ్రేలంత చేతికి సూది గ్రుచ్చుట ఎట్లో మొదటినుండి నేర్చుకొనవలెను. తనకంటె చిన్న నర్సును అడుగవలెను. అడుగగలిగిన వినయమున్నయెడల ఆరు నెలలలో ఆ వార్డు తనదగును.

పెద్ద నర్సులకును ఒక మనవి. ఒక చిన్నది మీ వార్డు విడిచి వెళ్ళెదనన్నపుడు దానిని మీకు జరిగిన అవమానముగా తీసికొనకుడి. ఉన్నది ఉన్నట్లు వ్రాయుడి. మెట్రన్ లూకిస్ గారు అట్లే వ్రాసిరి. అయితే వ్రాసిన తరువాత తలుపు మూయకుడి. ఆమె మూయలేదు గనుకనే ఎడిత్ ఆమెకు ఉత్తరములు వ్రాయగలిగెను.

తల్లిదండ్రులారా, కొడుకులు ఉద్యోగము మార్చినపుడు అభివృద్ధియని సంతోషింతుము. కూతురు వార్డు మార్చినపుడు నిలకడ లేదందుము. ఇది న్యాయమా? ఈసారి అమ్మాయి సెలవు మీద ఇంటికి వచ్చినపుడు జీతమెంత అని అడుగుటకు ముందు, ఏ వార్డులో నున్నావు, అక్కడ రోగులెట్టివారు, నీకేమి తెలిసినది, నీకేమి కష్టముగా నున్నది అని అడుగుడి. ఆమె చెప్పునది చివరి వరకు వినుడి. వినిన తరువాత ఆమెయు మీరును కలిసి ప్రార్థించి, నిర్ణయమును ఆమెకు విడిచిపెట్టుడి. వెళ్ళమన్నను, ఉండమన్నను, రేపు రాత్రి రోగి ప్రక్కన నిలుచునది ఆమెయే గదా.